మీరెవరు అన్న ప్రశ్న: అనంతపురం పీఠభూమి చెప్పే సమాధానాలు

ఒక మనిషి ఎవరు అన్న ప్రశ్నకు కనీసం నాలుగు రకాల సమాధానాలు ఉంటాయి. ఆ మనిషి ఏ దేశపు పాస్‌పోర్టు మీద ప్రయాణం చేస్తాడు, ఏ దేశపు ఎన్నికలలో ఓటు వేస్తాడు అన్నది మొదటిది. దీనిని పౌరసత్వం అంటారు, ఇది చట్టం ఇచ్చేదీ, చట్టం మార్చగలిగేదీ. ఏ రాష్ట్రపు సరిహద్దులలో నివసిస్తాడు అన్నది రెండవది. ఇంట్లో తల్లితో ఏ భాషలో మాట్లాడతాడు అన్నది మూడవది. తమది ఒకే మూలమనీ, ఒకే ఆచారమనీ, ఒకే కథ అనీ తరతరాలుగా నమ్ముతూ, పెళ్లిళ్లూ పండుగలూ కలిసి చేసుకొనే ఏ సమూహంలో పుట్టాడు అన్నది నాలుగవది. సామాజిక శాస్త్రజ్ఞులు దీనిని నృజాతి అని వ్యవహరిస్తారు గాని, ఈ ప్రసంగానికి జన సముదాయం అన్న సులువైన పేరు సరిపోతుంది. ఈ నాలుగూ ఒకదానితో ఒకటి అతికినట్టు ఉండాలన్న నియమం ఏదీ లేదు. అయినా లోకంలో చాలామంది, వాటిలో ఒకటి తెలిస్తే మిగిలిన మూడూ తెలిసినట్టే అనుకుంటారు. వేర్వేరు ప్రాంతాల, వేర్వేరు దేశాల వారు ఎదురుపడినప్పుడు పుట్టే అపార్థాలకూ, నొచ్చుకొనే మనసులకూ, ఒక్కొక్కసారి జరిగే ప్రాణహానికి కూడా ఆ అనుకోవడమే మూలం.

ప్రశ్న వేసేవాడు తన దేశంలో ఈ నాలుగింటికీ ఉన్న సంబంధాన్ని మనసులో పెట్టుకొని అడుగుతాడు, జవాబు చెప్పేవాడు తన ప్రాంతంలో వాటికి ఉన్న సంబంధాన్ని బట్టి చెబుతాడు. ఇద్దరూ నిజమే మాట్లాడినా, ఎదుటివాడు ఏదో దాస్తున్నాడనో, వాదానికి దిగుతున్నాడనో ఇద్దరికీ తోస్తుంది. ఈ విషయాన్ని పరిశీలించడానికి అనంతపురం పీఠభూమికి మించిన చోటు తెలుగు నేలలో అరుదు. నైరుతి రుతుపవనాలకు పశ్చిమ కనుమలు అడ్డం నిలవడం వల్ల వర్షచ్ఛాయా ప్రాంతంగా మారిన ఈ నేలలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురుస్తుంది, అదీ వేరుసెనగకు అవసరమైన అదనులో కురుస్తుందన్న నమ్మకం లేదు. కరువు ఇక్కడి మనుషులను బెంగళూరుకూ, బళ్లారికీ, కేరళకూ, గల్ఫ్ దేశాలకూ పంపింది. ఆ కరువే స్పెయిన్ నుంచి సేవకులను ఇక్కడికి రప్పించింది, తర్వాతి కాలంలో కొరియా నుంచి కార్ల కర్మాగారం కూడా ఈ మెట్ట భూములకే వచ్చింది. కాబట్టి మీరెవరు అన్న ప్రశ్నను ఇక్కడివారు పరాయి ఊళ్లలో ఎంతగా ఎదుర్కొన్నారో, ఇంటికి వచ్చిన పరాయివారిని అంతగానూ అడిగారు.

మొదట సరిహద్దుల సంగతి చూడాలి. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన భూభాగాన్ని దత్తమండలం అన్నారు. దానికి ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఇక్కడ పనిచేశాడు. అప్పటి బళ్లారి జిల్లాలో అంతర్భాగంగా ఉన్న అనంతపురం 1882లో విడి జిల్లా అయింది. 1928లో నంద్యాల సభలో ఈ ప్రాంతానికి రాయలసీమ అన్న పేరును సూచించిన చిలుకూరి నారాయణరావు పుట్టుకతో ఉత్తర కోస్తా పండితుడు, ఉద్యోగరీత్యా అనంతపురం కళాశాల అధ్యాపకుడు. సీమ ప్రజలు గుండెలకు హత్తుకున్న పేరును బయటినుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి ఇవ్వడం ఈ చర్చలో గుర్తుంచుకోదగిన విషయం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి, మిగిలినవి మైసూరుకు వెళ్లాయి. బళ్లారి తాలూకా ఎవరిది అన్న తగవు తీర్చడానికి జస్టిస్ మిశ్రాతో ఒక విచారణ సంఘాన్నే వేయవలసి వచ్చింది. 1955లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం బళ్లారితో పాటు తుంగభద్ర తీరపు కొన్ని తాలూకాలను ఆంధ్రలో కలపమని సిఫారసు చేసినా కేంద్రం అంగీకరించలేదు. గీత ఏ పక్కన గీసినా గీతకు అవతల తెలుగువారూ, ఇవతల కన్నడిగులూ మిగిలిపోక తప్పదని ఆ తగవంతా తేల్చి చెప్పింది.

మడకశిర, పావగడ తాలూకాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఈ మాట స్పష్టమవుతుంది. మడకశిర ఆంధ్రప్రదేశ్‌లో ఉంది, చుట్టూ చాలా మేరకు కర్ణాటక నేల. అక్కడి ఎన్నో ఊళ్లలో ఇంటి భాష కన్నడం, పిల్లలు కన్నడ మాధ్యమం బడులలో చదువుతారు. పావగడ కర్ణాటకలోని తుమకూరు జిల్లాలో ఉంది, దానిని చాలా మేరకు ఆంధ్ర భూభాగం చుట్టుకొని ఉంది. అక్కడి ఎన్నో ఊళ్లలో ఇంటి భాష తెలుగు. మడకశిర కన్నడిగుడు బెంగళూరుకు కూలికి వెళితే ఆంధ్రావాడు అంటారు, విజయవాడకు వెళితే యాస విని కర్ణాటకవాడు అంటారు. పావగడ తెలుగువానికీ తుమకూరులో, అనంతపురంలో ఇదే అనుభవం ఎదురవుతుంది. ఈ ఇద్దరినీ మీది ఏ రాష్ట్రం అని అడిగితే ఒక జవాబు, మీది ఏ భాష అని అడిగితే మరో జవాబు వస్తుంది. రెండూ తడబాటు లేని జవాబులే. రాష్ట్రం పేరు వినగానే భాషను ఊహించేవారు మాత్రం తడబడతారు, ఆ తడబాటును అవతలి మనిషి నిజాయితీ మీద అనుమానంగా మార్చుకుంటారు.

భాషాప్రయుక్త రాష్ట్రాలు, అంటే భాష ఆధారంగా గీసిన రాష్ట్రాలు, ఈ దేశపు ప్రజాస్వామ్యానికి గొప్ప మేలు చేశాయన్నది నిస్సందేహం. తల్లి భాషలో పాలన అందడం చిన్న విషయం కాదు. కాని అవి వచ్చాక పుట్టిన ఒక అలవాటు గతాన్ని కూడా తనకు అనుగుణంగా మలచుకోవాలని చూస్తుంది. 1509 నుంచి 1529 వరకు విజయనగరాన్ని పాలించిన శ్రీకృష్ణదేవరాయలు తెలుగువాడా, కన్నడిగుడా, తుళువుడా అని ఇరు రాష్ట్రాల యువకులు రోజుల తరబడి వాదించుకోవడం, ఆ వాదం కొన్నిసార్లు దూషణగా మారడం అందరికీ తెలిసినదే. రాయలది తుళువ వంశమన్నదీ, ఆయన ఆముక్తమాల్యదను తెలుగులో రచించాడన్నదీ, ఆయన బిరుదులలో కన్నడ రాజ్య రమారమణ అన్నది ఒకటన్నదీ, ఆయన శాసనాలు కన్నడ, తెలుగు, తమిళ, సంస్కృత భాషలలో ఉన్నాయన్నదీ ఒకేసారి నిజాలు. భాషను బట్టి రాజ్యం, రాజ్యాన్ని బట్టి జాతి అన్న ఆలోచన 1890లో ధార్వాడలో కర్ణాటక విద్యావర్ధక సంఘం, 1913లో బాపట్లలో ఆంధ్ర మహాసభ వంటి ఉద్యమాలతో రూపుదిద్దుకున్నది. దానిని 16వ శతాబ్దపు రాజు మీద మోపి, ఆయనను ఒక్క గడిలోనే నిలబెట్టాలనుకోవడం చరిత్ర పట్ల అన్యాయం. పెనుకొండ 1565 తర్వాత విజయనగర రాజులకు రాజధాని అయింది. అచ్యుతరాయల కాలంలో విరూపణ్ణ నిర్మింపజేసిన లేపాక్షి ఆలయంలో కన్నడ శాసనాలు ఉన్నాయి. అమరాపురం సమీపంలోని హేమావతి ఒకప్పుడు నొళంబ రాజుల పీఠం. ఈ ఊళ్లలో నడిచేవారికి రెండు భాషలూ ఒకే రాతి మీద కనిపిస్తాయి. 1880లో తాడిపత్రిలో పుట్టి బళ్లారిలో వకీలుగా స్థిరపడిన నటుడు రాఘవ తెలుగు రంగస్థలానికే కాక కన్నడ రంగస్థలానికీ పేరు తెచ్చాడు. అనంతపురం జిల్లా రాళ్లపల్లిలో పుట్టిన అనంతకృష్ణశర్మ మైసూరు మహారాజా కళాశాలలో దశాబ్దాల పాటు తెలుగు బోధించాడు. వీరిని ఏదో ఒక వైపుకు లాగేవారు, ఇద్దరూ బతికిన బతుకులో సగాన్ని తుడిచేస్తున్నారు.

అయితే రాజుల విషయంలో పొరబడితే వాదం మాత్రమే మిగులుతుంది, జన సముదాయాల విషయంలో పొరబడితే చదువులూ కొలువులూ పోతాయి. ఈ పీఠభూమి తండాలలో నివసించే సుగాలీలను తెలంగాణలో లంబాడీలనీ, కర్ణాటకలో లంబాణీలనీ, మహారాష్ట్రలో బంజారాలనీ పిలుస్తారు. వారు తమను తాము గోర్ అని చెప్పుకుంటారు, తమవారు కానివారిని కోర్ అంటారు, తమ భాషను గోర్ బోలి అంటారు. రైళ్లు రాకముందు ఉప్పూ ధాన్యమూ ఎద్దుల మీద వేసుకొని దక్కను అంతటా తిరిగిన వర్తక సంచారులు కావడం వల్ల వారి బంధుత్వాలు ఈ రాష్ట్రాలన్నింటిలో పరచుకొని ఉన్నాయి. వారి ఆరాధ్యుడు సేవాలాల్ మహరాజ్ జన్మస్థలంగా గుత్తి సమీపంలోని సేవాగఢ్‌ను కొలుస్తారు, కర్ణాటకలో సూరగొండనకొప్పను కూడా అలాగే కొలుస్తారు, ఆయన సమాధి మహారాష్ట్రలోని పోహరాదేవిలో ఉంది. ఒకే గురువు, ఒకే భాష, ఒకే పెళ్లితంతు ఉన్న ఈ సముదాయం చట్టం దృష్టిలో మాత్రం ఒకటి కాదు: ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు తెగ, కర్ణాటకలో షెడ్యూల్డు కులం, మహారాష్ట్రలో విముక్త జాతి. తెలంగాణ ప్రాంతపు లంబాడీలు కూడా 1976 నాటి సవరణ చట్టం తర్వాతనే తెగల జాబితాలో చేరారు. గుత్తి దగ్గరి తండాలో పుట్టిన ఆడపిల్ల బళ్లారి జిల్లా తండాకు కోడలుగా వెళితే, పుట్టింటివారు షెడ్యూల్డు తెగగానూ, మెట్టినింటివారు షెడ్యూల్డు కులంగానూ లెక్కకు వస్తారు.

ఇది సుగాలీలకే పరిమితం కాదు. బోయలు ఆంధ్రప్రదేశ్ మైదాన ప్రాంతంలో వెనుకబడిన తరగతి. సరిహద్దుకు అవతల వారితో వియ్యమందే వాల్మీకి నాయకులు 1991 నాటి చట్టంతో కర్ణాటకలో షెడ్యూల్డు తెగ అయ్యారు. తమనూ ఆ జాబితాలో చేర్చాలన్న బోయల కోరికను ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2017లోనూ, మళ్లీ 2023లోనూ తీర్మానంగా ఆమోదించి కేంద్రానికి పంపింది. రాతిపని, మట్టిపనిలో పేరెన్నిక గన్న వడ్డెరలు ఇక్కడ వెనుకబడిన తరగతి, కర్ణాటకలో భోవి అన్న పేరుతో షెడ్యూల్డు కులం. ఎరుకలవారు ఇక్కడ షెడ్యూల్డు తెగ, అక్కడ కొరమ, కొరచ అన్న పేర్లతో షెడ్యూల్డు కులం. వలస వెళ్లిన మనిషి తన రాష్ట్రపు హోదాను వెంట తీసుకుపోవచ్చా అన్న ప్రశ్న మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. ఒక రాష్ట్రంలో షెడ్యూల్డు తెగగా గుర్తింపు పొందినవారు మరో రాష్ట్రానికి వలస వెళితే అక్కడ ఆ హక్కును కోరలేరని 1990లో న్యాయస్థానం తీర్పు చెప్పింది. వెనుకబాటు స్థానిక పరిస్థితులను బట్టి ఉంటుందన్న ఆ తీర్పులోని తర్కం కొట్టిపారేయదగినది కాదు. కాని కరువు వల్ల ఏటా వలస పోవడం తప్పని పీఠభూమికి ఆ తర్కం ఎంత బరువైనదో, సరిహద్దు దాటిన ప్రతి కుటుంబానికీ తెలుసు. వలస వచ్చినవారు దొంగ ధ్రువపత్రం తెచ్చారని పక్క రాష్ట్రపు ఉద్యోగి అనుమానించడం, ఆ ఉద్యోగి తమను కావాలని అవమానించాడని వలస వచ్చినవారు నొచ్చుకోవడం జరిగితే, రెండు వైపులా ఉన్నది దురుద్దేశం కాదు. ఒకే జన సముదాయానికి రెండు రాష్ట్రాలు రెండు పేర్లు పెట్టాయన్న సంగతి తెలియకపోవడమే.

బయటివారు పెట్టే పేరు ఎంత దారుణం చేయగలదో కూడా ఈ నేలకు తెలుసు. 1871లో వలస పాలకులు తెచ్చి, 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి విస్తరింపజేసిన నేరస్థ జాతుల చట్టం కొన్ని సముదాయాలలో పుట్టినవారందరినీ పుట్టుకతోనే నేరగాళ్లుగా నమోదు చేసింది. ఎరుకలవారు ఆ జాబితాలో నలిగినవారు. స్వతంత్ర భారతం 1952లో ఆ చట్టాన్ని రద్దు చేసినా, ఊళ్లలో ఆ అనుమానపు చూపు అంత తొందరగా రద్దు కాలేదు. ఒక మనిషిని పుట్టిన సముదాయాన్ని బట్టి ముందే తెలిసినవాడిగా భావించడానికి ఇంతకంటే కఠినమైన ఉదాహరణ ఈ ప్రాంతపు చరిత్రలో లేదు.

పరాయి దేశస్థులతో కలిగిన పరిచయాలలో మొదట చెప్పవలసినది విన్సెంట్ ఫెర్రర్ కథ. ఆయన 1920లో బార్సిలోనాలో పుట్టాడు, పదునెనిమిదేళ్ల ప్రాయంలో స్పెయిన్ అంతర్యుద్ధంలో ఎబ్రో నది పోరాటాన్ని చూశాడు, 1944లో జెసూయిట్ సంఘంలో చేరాడు, 1952లో బొంబాయికి వచ్చాడు. మహారాష్ట్రలో రైతులతో చేసిన పని అక్కడి పెద్దలకు కంటగింపు కావడంతో 1968లో దేశం విడిచి వెళ్లవలసి వచ్చింది. ఇందిరాగాంధీ జోక్యంతో తిరిగి వచ్చి 1969లో అనంతపురం చేరాడు. 1970లో మత సంఘాన్ని విడిచి, ఆంగ్ల దేశపు పాత్రికేయురాలు ఆన్‌ను వివాహమాడాడు. అయినా 2009 జూన్‌లో అనంతపురంలో కన్నుమూసేదాకా, ఆ తర్వాత కూడా, ఇక్కడి పల్లెలు ఆయనను ఫాదర్ అనే పిలిచాయి, ఆయన వెంట వచ్చినవారందరినీ స్పెయిన్ వాళ్లు అన్నాయి. బార్సిలోనా కాటలోనియా ప్రాంతపు రాజధాని. అక్కడి కాటలాన్ భాష స్పెయిన్ అధికార భాష అయిన కాస్టిలియన్‌కు భిన్నమైనది. 1939 నుంచి 1975 వరకు సాగిన ఫ్రాంకో నియంతృత్వంలో కాటలాన్‌ను బడుల నుంచీ కార్యాలయాల నుంచీ వెలివేశారు. నియంత మరణం తర్వాత 1978లో వచ్చిన రాజ్యాంగం, స్పెయిన్ ఒకే దేశమని అంటూనే అందులోని జాతులకూ ప్రాంతాలకూ స్వపరిపాలన హక్కు ఇచ్చింది. అందువల్ల ఫెర్రర్ సంస్థ బత్తలపల్లిలో నడిపే ఆసుపత్రిని చూడవచ్చిన అతిథిలో మీరు స్పానిష్ వారా అన్న ప్రశ్న ఏ భావం రేపుతుందో ముందుగా చెప్పలేం. అవును అనేవారు ఉంటారు, కాటలాన్ అని సరిదిద్దేవారు ఉంటారు, రెండూ అనేవారూ ఉంటారు. మడకశిర మనిషికి ఇది వింతగా తోచవలసిన పని లేదు. కాటలాన్ అని సరిదిద్దే అతిథి పడే ఇబ్బందిని ఆయన బెంగళూరు బస్టాండులో ఎప్పుడో అనుభవించి ఉంటాడు.

కొరియా సంగతి దీనికి పూర్తిగా భిన్నం. 2017 ఏప్రిల్‌లో ఒప్పందం కుదిరి, పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర నిర్మించిన కియా కార్ల కర్మాగారం 2019లో ఉత్పత్తి మొదలుపెట్టింది; ఏడాదికి మూడు లక్షల కార్లు తయారు చేయగల ఆ కర్మాగారానికి హంద్రీ-నీవా పథకం కింద ఉన్న గొల్లపల్లి జలాశయం నుంచి నీళ్లు వెళ్తాయి. దానితో పాటు కొరియా ఇంజనీర్లూ, విడిభాగాల సంస్థలూ, కొరియా లిపిలో బోర్డులు పెట్టుకున్న భోజనశాలలూ వచ్చాయి. 1950లో ప్రశాంతి నిలయం ప్రారంభమైన నాటి నుంచి పుట్టపర్తిలో అనేక దేశాలవారు తిరుగాడుతున్నా, కొరియా ముఖాలు చూసి చైనా వాళ్లు అనేయడం తెలుగు ఊళ్లలో ఇప్పటికీ అలవాటే. ఇందులో ద్వేషం లేకపోవచ్చు; వినేవారికి కలిగే బాధ మాత్రం తక్కువేమీ కాదు. కొరియా 1910 నుంచి 1945 వరకు జపాను ఏలుబడిలో నలిగింది, సొంత పేర్లు వదులుకొని జపాను పేర్లు పెట్టుకోవలసిన ఒత్తిడి ఆ ప్రజలు అనుభవించారు. ఆ తర్వాత దేశం రెండు ముక్కలై, 1950 నుంచి 1953 వరకు సాగిన యుద్ధంలో చైనా సైన్యం ఉత్తర కొరియా పక్షాన పోరాడింది. దక్షిణ కొరియా మనిషిని జపాను వాడా, చైనా వాడా అనడం ఆ చరిత్రనంతా ఒక్క మాటలో కాలరాయడమే.

అవతలి వైపు పొరపాటు కూడా అంతే సహజంగా జరుగుతుంది. కొరియాలో భాష, ఆచారం, వంశం అన్న భావనలు చాలా మేరకు ఒక్కటిగా పెనవేసుకొని ఉన్నాయి. ఒకే జన సముదాయం రెండు పౌరసత్వాలలోకి విడిపోయింది తప్ప, ఒకే పౌరసత్వం కింద ఇన్ని భాషలూ ఇన్ని సముదాయాలూ ఉండడం అక్కడి బడి పాఠాలలోని అనుభవం కాదు. కాబట్టి భారతీయులందరిదీ ఒకే భాష అనుకొని హిందీలో నాలుగు మాటలు నేర్చుకొని వచ్చే మనిషిని నిందించడం తగదు. పెనుకొండలో ఆ మాటలు సరిపోవనీ, ఇక్కడి కార్మికులలో తెలుగువారూ కన్నడిగులూ, గోర్ బోలి, దక్కనీ ఉర్దూ మాట్లాడేవారూ ఉన్నారనీ ఓపికగా చెప్పడమే తగిన పని.

సముద్రాలు దాటిన తెలుగువారి అనుభవం ఈ విషయానికి మరింత తీవ్రతను తెస్తుంది. కాకినాడ సమీపంలోని కోరింగ రేవు నుంచి ఓడ ఎక్కినందుకు మారిషస్‌లోనూ బర్మాలోనూ తెలుగువారికి రేవు పేరే జాతి పేరైంది. మారిషస్ రాజ్యాంగం ప్రజలను హిందువులు, ముస్లింలు, చైనా సంతతివారు, సాధారణ జనం అన్న నాలుగు సముదాయాలుగా పేర్కొన్నది. అక్కడి జనగణనలో మతం అన్న గడిలో తెలుగు, తమిళం, మరాఠీ అని రాయించుకొనేవారు ఉన్నారు. అనంతపురం మనిషికి తెలుగు ఒక మతం కావడం అర్థం కాదు, మారిషస్ తెలుగు మనిషికి అందులో ఆశ్చర్యమే లేదు. నాలుగైదు తరాల కింద భాష జారిపోతున్నా రామభజనలోనూ ఉగాదిలోనూ తమదనాన్ని నిలుపుకున్నవారికి, తెలుగుతనం పూజలోనే మిగిలింది.

అమెరికాలో గడులు మరో తీరుగా ఉన్నాయి. 1920 నుంచి 1940 వరకు అక్కడి జనగణన భారతదేశం నుంచి వచ్చినవారందరినీ, వారి మతం ఏదైనా, హిందూ అనే జాతిగా నమోదు చేసింది. పంజాబుకు చెందిన సిక్కు భగత్ సింగ్ తింద్ కేసులో 1923లో అక్కడి సుప్రీంకోర్టు, భారతీయులు శ్వేతజాతివారు కారు కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారని తీర్పు చెప్పింది. 1970 జనగణన భారతీయులను తెల్లవారిలో కలిపింది, 1980లో ఏషియన్ ఇండియన్ అన్న వేరు గడి వచ్చింది. మనుషులు మారలేదు, అరవై ఏళ్లలో వారి జాతి పేరు మాత్రం పలుమార్లు మారింది. ఈ గడుల వెనుక ఉన్న చూపు, అంటే చర్మపు రంగును బట్టి దేశాన్నీ, దేశాన్ని బట్టి శత్రుత్వాన్నీ ఊహించే చూపు, ఎంత దూరం పోగలదో 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రంలోని ఓలేత పట్టణంలో తేలింది. అక్కడి మద్యశాలలో కూర్చున్న ఇద్దరు తెలుగు ఇంజనీర్లను చూసి, మీరు ఏ వీసా మీద వచ్చారని నిలదీసిన ఒక దుండగుడు తిరిగి వచ్చి కాల్పులు జరిపాడు, ఒకరు మరణించారు. తాను ఇరాన్ వాళ్లను కాల్చానని అతడు తర్వాత చెప్పుకున్నాడు. ఇరాన్ వారైతే మాత్రం చంపదగినవారా అన్న ప్రశ్న ఆ రోజు వెలువడిన సంతాపాలలో తక్కువగా వినిపించింది. మేము ఆ జాతి కాదు అని నిరూపించుకోవడంలో భద్రత ఉందనుకోవడం, ఆ మరో జాతిని ప్రమాదానికి అప్పగించడమే అవుతుంది.

పరాయివారు చేసే పొరపాటును చూసి బాధపడే హక్కు ఉన్నవారికి, సొంత నేల మీద జరిగే పొరపాటును దిద్దే బాధ్యత కూడా ఉంటుంది. 2011 జనగణనలో లమాణీ లేక లంబాడీ తమ మాతృభాష అని 32 లక్షలకు పైగా జనం చెప్పారు. లెక్కల పట్టికలో ఆ సంఖ్య హిందీ కింద చేరింది. అదే పట్టికలో ఎరుకల భాష తమిళం కింద, వడ్డెరల వడరి తెలుగు కింద చేరాయి. హిందీ మాట్లాడేవారుగా చూపిన 52 కోట్ల 83 లక్షల మందిలో హిందీయే తమ మాతృభాష అని చెప్పినవారు సుమారు 32 కోట్లు మాత్రమే. గుత్తి తండాలోని వృద్ధురాలికి హిందీ ఒక్క ముక్క రాకపోవచ్చు. దేశపు లెక్కలో ఆమె హిందీ భాషీయురాలు. పెద్ద భాషల కింద చిన్న భాషలను సర్దడానికి గణాంక శాస్త్రంలో కారణాలు ఉండవచ్చు. కాని ఒక భాషకు ఎంతమంది ఉన్నారన్న లెక్క మీదే బడి పుస్తకాలూ, రేడియో కార్యక్రమాలూ, రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులో చోటు కోసం చేసే వినతులూ ఆధారపడుతున్నప్పుడు, ఆ సర్దుబాటు ఒక జన సముదాయపు గొంతును తగ్గిస్తుందన్నది కాదనలేని విషయం.

2027 మార్చి 1ని ప్రమాణ తేదీగా పెట్టుకొని దేశంలో మళ్లీ జనగణన జరగబోతున్నది. 1931 తర్వాత మొదటిసారిగా అందులో అన్ని కులాల వివరాలూ సేకరిస్తారు. అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల శ్రోతలకు ఈ సందర్భంగా ఒక విన్నపం. గణకుడు గడపలోకి వచ్చినప్పుడు మాతృభాష అన్న చోట ఇంట్లో తల్లితో మాట్లాడే భాష పేరునే, గోర్ బోలి అయితే గోర్ బోలి అనీ, కన్నడం అయితే కన్నడం అనీ, ఎరుకలవారి కుర్రు భాష అయితే కుర్రు భాష అనీ చెప్పాలి. రాష్ట్రం పేరును బట్టో, పక్కింటివారి జవాబును బట్టో మార్చి చెప్పకూడదు. గణకులుగా వెళ్లే ఉపాధ్యాయులు ముఖాన్నీ, ఇంటి పేరునూ, ఊరి పేరునూ చూసి ఆ గడిని తామే నింపకుండా, ప్రతి ఇంట్లోనూ అడిగి, చెప్పిన మాటనే రాయాలి.